అద్దంకి శిలాక్షరం నుంచి కమాండ్ లైన్ వరకు: పాస్‌వర్డ్‌లలో ప్రత్యేకాక్షరాల చరిత్ర

వ్యాససంగ్రహం:

కమాండ్ లైన్ ద్వారా గ్రంథాలను, శాసన ప్రతులను దింపుకొనేటప్పుడు సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా యంత్రం తిరస్కరించడం పరిశోధకులకు తరచుగా ఎదురయ్యే సమస్య. పాస్‌వర్డ్‌లోని $, !, &, @, # వంటి గుర్తులు దారిలో అక్షరాలుగా కాక ఆజ్ఞలుగా చదవబడటమే దీనికి ప్రధాన కారణం. ఆ గుర్తులకు ఈ రెండో అర్థం ఎప్పుడు, ఎలా వచ్చిందో చారిత్రకంగా పరిశీలించి, అద్దంకి శాసనాక్షరాల ఉదాహరణతో తెలుగు పాస్‌వర్డ్‌లలోని ప్రత్యేక సమస్యలను వివరించి, దోషనిర్ణయానికి ఒక క్రమాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: అద్దంకి శాసనం, ప్రత్యేకాక్షరాలు, పాస్‌వర్డ్, షెల్, కమాండ్ లైన్, యూనికోడ్, డిజిటల్ గ్రంథాలయం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్య పరిశోధన ఇవాళ గ్రంథాలయపు బీరువాలతో ఆగిపోవడం లేదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న రాజ్ రెడ్డి వంటివారి చొరవతో సాగిన మిలియన్ పుస్తకాల ప్రణాళిక, దానిలో భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను కంప్యూటరు తెర మీదికి తెచ్చాయి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఆ స్కానింగు కేంద్రాలలో ఒకటి. అలా స్కాన్ చేసిన ప్రతులలో చాలా భాగం నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి.

ఒక పుస్తకం కావలసినవారు బ్రౌజరులో మీట నొక్కి దింపుకొంటారు. ఒక శాసన సంపుటాల వరుస మొత్తం, ఒక పత్రిక ఇరవై ఏళ్ల సంచికలు కావలసినవారికి ఆ పద్ధతి చాలదు. కరెంటు పోయినా, నెట్‌వర్క్ తెగినా, ఆగిన చోటు నుంచే దింపుకోలును కొనసాగించే సాధనం కావాలి. డబ్ల్యూగెట్, కర్ల్ అనే కమాండ్ లైన్ సాధనాలు ఆ పని చేస్తాయి. పత్తి, మిరప చేల మధ్యనున్న అద్దంకి వంటి పట్టణంలో కూర్చొని పనిచేసే పరిశోధకుడికి నగరంలోని గ్రంథాలయానికి వెళ్లే ఖర్చును, కాలాన్ని తప్పించే మార్గమిది.

అయితే సంస్థల సర్వర్లు కొన్ని పాస్‌వర్డ్ అడుగుతాయి. ఆ పాస్‌వర్డ్‌లో కనీసం ఒక ప్రత్యేకాక్షరం ఉండాలని నియమం పెడతాయి. ఆ నియమం పాటించి పెట్టుకొన్న పాస్‌వర్డ్ బ్రౌజరులో పనిచేసి, కమాండ్ లైన్‌లో పనిచేయదు. పరిశోధకుడు తన జ్ఞాపకాన్ని అనుమానిస్తాడు. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాడు. కొన్ని చోట్ల అలా ప్రయత్నించినందుకే ఖాతా తాత్కాలికంగా మూతపడుతుంది. చివరికి విసిగి, ఏ గుర్తూ లేని బలహీనమైన పాస్‌వర్డ్‌కు మారిపోతాడు. లోపం ఇక్కడ మనిషి జ్ఞాపకంలో లేదు. ఒకే గుర్తును వేర్వేరు కాలాలలో రూపొందిన వేర్వేరు వ్యవస్థలు వేర్వేరుగా చదవడంలో ఉంది. కాబట్టి ఈ సాంకేతిక సమస్యకు మూలం చరిత్రలో వెతకవలసి ఉంటుంది.

2. అద్దంకి శాసనం - అక్షరానికి చదువరి:

గుండ్లకమ్మ తీరంలోని అద్దంకి తెలుగు సాహిత్య చరిత్రలో రెండు కారణాలచేత ప్రసిద్ధం. ప్రోలయ వేమారెడ్డికి అది తొలి రాజధాని. ఆయన ఆస్థానకవి ఎఱ్ఱన. అంతకు దాదాపు 500 ఏళ్ల ముందే, వేంగీ చాళుక్యుడైన గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని విజయాలను, ఆదిత్యభట్టారకునికి ఇచ్చిన దానాన్ని తెలిపే శాసనం ఇక్కడ వెలసింది. దానిని 848 ప్రాంతానిదిగా పరిశోధకులు నిర్ణయించారు. పండరంగడు 12 బోయకొట్టాలను గెలిచిన వృత్తాంతం అందులో తరువోజ ఛందస్సులో ఉంది. నన్నయకు పూర్వమే తెలుగులో పద్యరచన ఉన్నదనడానికి ఇది ప్రధాన ఆధారం.

ఈ శాసనం ప్రస్తుత విషయానికి రెండు విధాల ఉపకరిస్తుంది. మొదటిది, అక్షరానికి అర్థం చదువరి వల్ల ఏర్పడుతుందన్న సంగతి. ఆ కాలపు శాసనాలలో పదాల మధ్య ఖాళీలు ఉండవు. ఎక్కడ పదం ముగిసింది, ఎక్కడ పాదం విరిగింది అన్నది చదివేవారే తేల్చుకోవాలి. అయితే పద్యం చదివేవారికి ఛందస్సు తోడుంటుంది. తరువోజ పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం చొప్పున రెండు మార్లు వస్తాయి. యతిస్థానాలు నియతం, ప్రాస నియతం. ఒక అక్షరం పొరపాటుగా చదివితే గణమో, యతో, ప్రాసో తప్పుతుంది. పరిష్కర్తకు తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. పాస్‌వర్డ్‌కు అటువంటి ఛందస్సు లేదు. సర్వర్ అవునో కాదో మాత్రమే చెబుతుంది. ఏ అక్షరం దగ్గర తేడా వచ్చిందో చెప్పదు. భద్రత దృష్ట్యా చెప్పకూడదు కూడా.

రెండోది, లిపిలో లుప్తమైన అక్షరాల సంగతి. అద్దంకి శాసనంలో ఴ అనే అక్షరం కనిపిస్తుంది. కాలక్రమంలో ఈ ధ్వని తెలుగులో చాలా చోట్ల డకారంగా మారింది. 'ఏఴు' అన్నది 'ఏడు' కావడం అందుకు ఉదాహరణ. అక్షరం వాడుకలోంచి జారిపోయింది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు స్థానం దక్కినా, ఴ అక్షరానికి మాత్రం 2014లో వచ్చిన ఏడవ సంచికలో గాని చోటు లభించలేదు. నకారపొల్లుకు 2021లో లభించింది. అంతవరకు శాసనపాఠాన్ని ఉన్నదున్నట్లుగా కంప్యూటరులో ఎక్కించడానికి ప్రామాణికమైన మార్గం లేదు. ఒక గుర్తు ఉండటం వేరు, దానిని గుర్తించే వ్యవస్థ ఉండటం వేరు అన్న విషయానికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ తెలుగువారికి దొరకదు.

3. ముప్ఫైరెండు గుర్తుల కథ:

పాస్‌వర్డ్‌లలో 'ప్రత్యేకాక్షరాలు' అని పిలిచేవి 1963లో తొలి రూపం, 1967లో చిన్న అక్షరాలతో కూడిన రూపం పొందిన ఆస్కీ ప్రమాణం నుంచి వచ్చినవి. ఆస్కీలో 128 స్థానాలు. వాటిలో కంటికి కనిపించే గుర్తులు 94. ఆంగ్ల అక్షరాలు 52, అంకెలు 10 పోగా మిగిలినవి 32. ఈ 32 గుర్తులే ప్రత్యేకాక్షరాలు. వీటిలో పెక్కు గుర్తులు గుమాస్తాల, వ్యాపారుల టైపు యంత్రాల మీద అప్పటికే ఉన్నాయి. ధర చెప్పడానికి @, సంఖ్య చెప్పడానికి #, డబ్బుకు $, భాగస్వామ్యానికి & వాడుకలో ఉండేవి.

కంప్యూటరు ముందు కూర్చున్న తొలితరం ప్రోగ్రామర్లకు మాటలతో కలవని గుర్తులు కావలసి వచ్చాయి. వాక్యంలో అరుదుగా వచ్చే గుర్తును ఆజ్ఞగా వాడితే పొరపాటు జరగదన్నది వారి తర్కం. 1971లో రే టాంలిన్సన్ వేర్వేరు కంప్యూటర్ల మధ్య ఉత్తరం పంపే ఏర్పాటు చేసినప్పుడు మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య @ గుర్తును ఎంచుకొన్నాడు. అయితే మల్టిక్స్ అనే వ్యవస్థలో అప్పటికే @ అంటే 'ఈ పంక్తి మొత్తం కొట్టివేయి' అని అర్థం. అక్కడివారు ఈమెయిల్ చిరునామా టైపు చేస్తే అప్పటిదాకా రాసినదంతా చెరిగిపోయేది. తొలినాళ్ల యూనిక్స్‌లోనూ ఇదే పద్ధతి. # నొక్కితే వెనుకటి అక్షరం, @ నొక్కితే మొత్తం పంక్తి రద్దయ్యేవి. ఆ గుర్తులను గుర్తులుగానే పంపాలంటే ముందు బ్యాక్‌స్లాష్ చేర్చాలి. అంటే ప్రత్యేకాక్షరం పాస్‌వర్డ్‌కు అడ్డుపడటం ఇంటర్నెట్‌తో పుట్టిన సమస్య కాదు. కమాండ్ లైన్ ఎంత పాతదో ఇదీ అంతే పాతది.

పాస్‌వర్డ్ చరిత్ర దీనికి సమాంతరంగా నడిచింది. 1960ల తొలి సంవత్సరాలలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బటో బృందం ఒకే కంప్యూటరును పలువురు పంచుకొనే వ్యవస్థను నిర్మించి, ఎవరి దస్త్రాలు వారివిగా ఉంచడానికి పాస్‌వర్డ్ పెట్టింది. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ ప్రకటించిన పరిశోధనలో 3,289 పాస్‌వర్డ్‌లను పరిశీలించి, వాటిలో 86 శాతం మరీ పొట్టిగానో, నిఘంటువులో దొరికేవిగానో, ఇతరత్రా సులువుగా ఊహించదగినవిగానో ఉన్నాయని తేల్చారు. ఇటువంటి ఫలితాల నుంచే 'అక్షరాలతో పాటు అంకెలు, గుర్తులు కలపండి' అన్న సలహా బలపడి, 2000ల దశకంలో సంస్థల నియమమైంది. ఒక చరిత్ర ఈ గుర్తులను ఆజ్ఞలుగా మార్చింది; మరొక చరిత్ర వాటిని రహస్యంలో భాగం చేసింది. ఈ రెండూ ఎదురుపడిన చోటు కమాండ్ లైన్.

4. షెల్ చదివే తీరు:

వాడుకరి టైపు చేసిన పంక్తిని మొదట చదివేది డబ్ల్యూగెట్టో, కర్లో కాదు, షెల్. 1971 నాటి థాంప్సన్ షెల్‌లోనే <, >, & వంటి గుర్తులకు పనులు ఉన్నాయి. 1973లో | గుర్తు ఒక ప్రోగ్రాము ఫలితాన్ని మరో ప్రోగ్రాముకు అందించే గొట్టమైంది. 1979లో ఏడవ యూనిక్స్‌తో వచ్చిన స్టీఫెన్ బోర్న్ షెల్ నేటి కొటేషన్ సంప్రదాయాన్ని స్థిరపరిచింది. 1970ల చివర బర్క్‌లీలో బిల్ జాయ్ రూపొందించిన సీ షెల్ ! గుర్తుకు పాత ఆదేశాన్ని మళ్లీ పిలిచే పని అప్పగించింది. బ్రయన్ ఫాక్స్ 1989లో వెలువరించిన బాష్ ఈ రెండు సంప్రదాయాలనూ తనలో కలుపుకొంది.

ఈ వారసత్వం పాస్‌వర్డ్‌ను ఎలా మారుస్తుందో కొన్ని ఊహా ఉదాహరణలతో గమనించవచ్చు. 'అద్దంకి$848' అని కొటేషన్ లేకుండా ఇస్తే, బాష్ $8 అన్నదాన్ని ఎనిమిదవ విలువగా తీసుకొంటుంది. సాధారణంగా అటువంటి విలువ ఉండదు కాబట్టి ఆ చోటు ఖాళీ అయి, సర్వర్‌కు 'అద్దంకి48' చేరుతుంది. తెర మీద ఏ హెచ్చరికా రాదు. 'గుండ్లకమ్మ!848' అని ఇస్తే షెల్ తన చరిత్రలోని 848వ ఆదేశం కోసం వెతుకుతుంది. అది లేకపోతే దోషసందేశం ఇస్తుంది. ఉంటే ఆ ఆదేశాన్నే పాస్‌వర్డ్‌లోకి చొప్పిస్తుంది. 'పండరంగ&12' అని ఇస్తే & దగ్గర ఆదేశం ముగిసిందనుకొని, మొదటి భాగాన్ని నేపథ్యంలో నడిపి, 12 అనే ఆదేశం లేదని చెబుతుంది. డౌన్‌లోడ్ చిరునామాలోనే & ఉన్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. చిరునామా సగానికి తెగి, వేరే పుట దిగుతుంది.

* , ? గుర్తులు మరింత తికమక పెడతాయి. షెల్ వాటిని ఫైళ్ల పేర్లతో పోల్చి చూస్తుంది. పోలిన ఫైలు లేకపోతే బాష్ వాటిని అలాగే వదిలేస్తుంది. జీ షెల్ అయితే దోషమంటుంది. అందువల్ల ఒక ఫోల్డరులో పనిచేసిన పాస్‌వర్డ్ మరో ఫోల్డరులో పనిచేయకపోవచ్చు. అలాగే ! గుర్తుకు ఆ శక్తి వాడుకరి స్వయంగా టైపు చేసేటప్పుడే ఉంటుంది. ఫైలులో రాసి నడిపించే స్క్రిప్టులో మామూలుగా ఉండదు. నిన్న స్క్రిప్టులో నడిచినది నేడు చేత్తో టైపు చేస్తే నడవకపోవడానికి ఇదొక కారణం.

దీనికి బోర్న్ సంప్రదాయం చూపిన పరిష్కారం ఒంటి కొటేషన్. రెండు ఒంటి కొటేషన్ల మధ్య ఉన్నదేదీ ఆజ్ఞ కాదు, అన్నీ అక్షరాలే. జంట కొటేషన్లలో మాత్రం $ గుర్తుకు, బ్యాక్‌స్లాష్‌కు, వెనుకకు వంగిన కొటేషన్‌కు శక్తి మిగిలే ఉంటుంది. బాష్‌లో ! కూడా వాటి మధ్య ఊరుకోదు. పాస్‌వర్డ్‌లోనే ఒంటి కొటేషన్ ఉంటే, మొదటి కొటేషన్‌ను అక్కడ ముగించి, బ్యాక్‌స్లాష్‌తో ఆ గుర్తును రాసి, మళ్లీ కొటేషన్ తెరవాలి.

ఈ సూత్రం యూనిక్స్ వంశానికే పరిమితం. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌కు ఒంటి కొటేషన్ మామూలు అక్షరం. అక్కడ % , ^ గుర్తులు ఆజ్ఞలు. పవర్‌షెల్ ఒంటి కొటేషన్‌ను గౌరవిస్తుంది గాని దాని తప్పింపు గుర్తు వేరు. ఒక వ్యవస్థ కోసం రాసిన సలహాను మరో వ్యవస్థలో అతికిస్తే సమస్య పరిష్కారం కాదు సరికదా, కొత్తది చేరుతుంది. అలాగే వర్డ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో భద్రపరచుకొన్న ఆదేశంలో నిటారు కొటేషన్లు వంపు కొటేషన్లుగా మారిపోతాయి. కంటికి అందంగా ఉండే ఆ వంపు కొటేషన్ షెల్‌కు కొటేషన్ కానే కాదు.

5. చిరునామాలో దాగిన పాస్‌వర్డ్:

షెల్ దాటిన తరువాత రెండో చదువరి యూఆర్ఎల్ నియమావళి. 1994 డిసెంబరులో టిమ్ బెర్నర్స్-లీ తదితరులు ప్రకటించిన ఆర్ఎఫ్‌సీ 1738 ప్రకారం పేరు, పాస్‌వర్డ్, సర్వర్ మూడింటినీ ఒకే చిరునామాలో రాయవచ్చు. పేరుకూ పాస్‌వర్డ్‌కూ మధ్య : గుర్తు, పాస్‌వర్డ్‌కూ సర్వర్‌కూ మధ్య @ గుర్తు వస్తాయి. 1996లో హ్ర్‌వోయె నిక్షిచ్ రూపొందించిన డబ్ల్యూగెట్, 1998లో డేనియల్ స్టెన్‌బెర్గ్ ఆ పేరుతో విడుదల చేసిన కర్ల్ ఈ రూపాన్ని స్వీకరించాయి.

పాస్‌వర్డ్‌లోనే @ ఉంటే ఏమవుతుంది? మొదటి @ దగ్గర విడగొట్టే సాధనం మిగిలిన పాస్‌వర్డ్‌ను సర్వర్ పేరుగా భావిస్తుంది. చివరి @ దగ్గర విడగొట్టేది సరిగా నడుస్తుంది. # వస్తే ఆ తరువాతిదంతా పుటలోని ఒక భాగం పేరు అనుకొంటుంది. / వస్తే సర్వర్ పేరు ముగిసిందనుకొంటుంది. అందుకే అటువంటి గుర్తులను శాతం గుర్తుతో మొదలయ్యే సంకేతాలుగా రాయాలన్నది నియమం. @ బదులు %40, # బదులు %23, $ బదులు %24, ! బదులు %21 రాయాలి. అలాగే శాతం గుర్తు కావాలంటే %25. ఈ చివరిది మరచిపోతే 'మిరప%40' అన్న పాస్‌వర్డ్ 'మిరప@'గా సర్వర్‌కు చేరుతుంది. సరైన రూపం 'మిరప%2540'.

ఈ మార్పు చిరునామాలో రాసినప్పుడే వర్తిస్తుంది. పాస్‌వర్డ్‌ను వేరే ఐచ్ఛికంగా ఇచ్చినప్పుడు శాతం సంకేతాలను ఎవరూ విప్పరు. %40 అన్న మూడు గుర్తులూ యథాతథంగా సర్వర్‌కు పోయి తిరస్కరణ వస్తుంది. షెల్ కోసం చేసే రక్షణ, చిరునామా కోసం చేసే మార్పు రెండు వేర్వేరు చికిత్సలు. ఒకదాని చోట మరొకటి వాడటం, రెండు మార్లు వాడటం ఎక్కువగా కనిపించే పొరపాట్లు.

2005 జనవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3986 చిరునామాలో పాస్‌వర్డ్ రాసే పద్ధతిని నిరుత్సాహపరచింది. చిరునామాలు లాగ్ ఫైళ్లలో, చరిత్రలో, ఇతరుల తెరల మీద సులువుగా కనిపిస్తాయి. రహస్యానికి అది తగిన చోటు కాదు.

6. తెలుగు అక్షరాలతో పాస్‌వర్డ్:

పైన చూసిన 32 గుర్తులు ఆంగ్లలిపి దృష్టితో ప్రత్యేకమైనవి. ఈ వ్యవస్థల దృష్టిలో తెలుగు అక్షరాలన్నీ ప్రత్యేకాక్షరాలే. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. 'అద్దంకి' చదువరికి మూడక్షరాలు. యూనికోడ్‌కు అ, ద, పొల్లు, ద, సున్న, క, గుడి - మొత్తం ఏడు సంకేతాలు. నిల్వలో 21 బైట్లు. చిరునామాలో శాతం సంకేతాలుగా రాస్తే 63 గుర్తులు. 'ఎనిమిది అక్షరాలకు తగ్గకూడదు' అన్న నియమం ఈ నాలుగు లెక్కలలో దేనికి వర్తిస్తుందో ఒక్కో సర్వర్ ఒక్కో విధంగా తేల్చుకొంటుంది.

పాత యూనిక్స్ పద్ధతి పాస్‌వర్డ్‌లో మొదటి ఎనిమిది బైట్లనే పరిగణించేది. తెలుగులో ఎనిమిది బైట్లంటే మూడు సంకేతాలు కూడా పూర్తి కావు. ఆ పద్ధతిలో 'అద్దంకి', 'అద్భుతం' రెండూ ఒకే పాస్‌వర్డ్‌గా చెల్లుతాయి. రెండింటిలోనూ అ, ద, పొల్లు సమానం కాబట్టి. 1999లో వచ్చిన బీక్రిప్ట్ పరిమితి 72 బైట్లు. అంటే 24 తెలుగు సంకేతాలు.

తెలుగు రాతలో కంటికి ఒకటిగా, యంత్రానికి వేరుగా ఉండే సందర్భాలు ఐదు ప్రధానంగా గమనించదగినవి.

మొదటిది ఐత్వం. 'పైరు' అన్న మాటలోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వం మీద ఐత్వపు కింది గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. యూనికోడ్ ఈ రెండూ సమానమని చెబుతుంది. కాని సమీకరణ చేయని సర్వర్‌కు అవి వేర్వేరు పాస్‌వర్డ్‌లు.

రెండోది కనిపించని విడదీత గుర్తు. 'సాఫ్ట్‌వేర్' అని రాయడానికి పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక గుర్తు చేర్చాలి. చేర్చకపోతే 'సాఫ్ట్వేర్' అవుతుంది. కొన్ని కీబోర్డులు దానిని తామే చేరుస్తాయి, కొన్ని చేర్చవు. ఫోనులో పెట్టుకొన్న పాస్‌వర్డ్ కంప్యూటరులో చెల్లకపోవడానికి ఈ కనిపించని గుర్తు కారణం కావచ్చు.

మూడోది సున్న. పూర్ణానుస్వారం ం, తెలుగు అంకె ౦ చాలా ఫాంటులలో ఒకేలా ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూసినా తేడా తెలియదు.

నాలుగోది విసర్గ. 'అంతఃపురం' అని రాయవలసిన చోట విసర్గ మీట దొరక్క : గుర్తుతో 'అంత:పురం' అని రాయడం తెలుగు టైపింగులో చాలా మామూలు. వెబ్ ప్రాథమిక ధ్రువీకరణ పద్ధతి పేరునూ పాస్‌వర్డ్‌నూ : గుర్తుతోనే కలిపి పంపుతుంది. మొదటి : దాకా పేరు, ఆ తరువాతిది పాస్‌వర్డ్. పాస్‌వర్డ్‌లో ఈ గుర్తు ఉన్నా చిక్కు లేదు. వాడుకరి పేరులో ఉంటే మాత్రం 'అంత' పేరుగా, 'పురం'తో మొదలయ్యేదంతా పాస్‌వర్డ్‌గా మారిపోతాయి.

ఐదోది శకటరేఫ. అద్దంకి రాజాస్థాన కవిని 'ఎఱ్ఱన' అన్నా, 'ఎర్రన' అన్నా చదువరికి ఒక్కరే. యంత్రానికి ఇద్దరు. మొదటి నాలుగూ సాంకేతికమైన చిక్కులు. ఇది భాషాచరిత్ర తెచ్చిన చిక్కు. దీనికి ఏ ప్రమాణమూ పరిష్కారం చూపదు, చూపకూడదు. ఱ, ర వేర్వేరు అక్షరాలన్న సత్యాన్ని యంత్రం కాపాడటమే సముచితం.

ఈ సమస్యలలో కొన్నింటికి ప్రమాణాలు సమాధానం ఇచ్చాయి. 2015లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 7617 తాను యూటీఎఫ్-8ను స్వీకరిస్తానని సర్వర్ ప్రకటించే వీలు కల్పించింది. 2017 నాటి ఆర్ఎఫ్‌సీ 8265 పాస్‌వర్డ్‌ను పోల్చే ముందు ఐత్వం వంటి సమాన రూపాలను ఏకం చేయాలంది. పొల్లు తరువాత వచ్చే కనిపించని విడదీత గుర్తు అనుమతించదగినదేనని ఆ నియమాలు ఒప్పుకొంటాయి. అదే సంవత్సరం అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ప్రత్యేకాక్షరాల నిర్బంధాన్ని వదిలిపెట్టి, పొడవుకు ప్రాధాన్యం ఇవ్వాలని, యూనికోడ్ అక్షరాలను అంగీకరించాలని సూచించింది. ప్రమాణం ఉండటం వేరు, ప్రతి సర్వర్ దానిని అమలుచేయడం వేరు అన్నది మాత్రం మరవరాదు.

7. దోషనిర్ణయ క్రమం:

పై చరిత్రను బట్టి తిరస్కరణ ఎదురైనప్పుడు ఊహతో కాక, చదువరుల వరుసను అనుసరించి పరిశీలించడం మేలు. శాసన పరిష్కర్త ముందు శిల, తరువాత లిపి, తరువాత పదవిభాగం, ఆపైన అర్థం చూసినట్లే ఇక్కడా ఒక క్రమం ఉంది.

మొదట సర్వర్ ఇచ్చిన సంఖ్యను చూడాలి. 401 వస్తే ధ్రువీకరణ జరగలేదని అర్థం, పాస్‌వర్డ్‌ను పరిశీలించాలి. 403 వస్తే సాధారణంగా ఆ ఫైలుకు అనుమతి లేదని అర్థం. కొటేషన్లు మార్చి ప్రయోజనం లేదు. ఆ సంస్థ వెబ్ పుటలోని పెట్టెలలో పేరు, పాస్‌వర్డ్ నింపించి, కుకీ ద్వారా ప్రవేశం ఇచ్చేదైతే కమాండ్ లైన్‌లో పాస్‌వర్డ్ ఐచ్ఛికం అసలు వర్తించదు.

రెండో మెట్టు, పాస్‌వర్డ్‌ను ఆదేశంలో రాయకపోవడం. డబ్ల్యూగెట్‌లో పాస్‌వర్డ్ అడిగించే ఐచ్ఛికం ఉంది. కర్ల్‌కు పేరు మాత్రమే ఇస్తే పాస్‌వర్డ్ తానే అడుగుతుంది. అలా అడిగినప్పుడు టైపు చేసినది షెల్ చేతికి పోదు. ఏ గుర్తుకూ కొటేషన్ అక్కరలేదు. ఇలా ఇస్తే పనిచేసి, ఆదేశంలో రాస్తే పనిచేయకపోతే దోషం షెల్ దగ్గరో, చిరునామా రాతలోనో ఉందని తేలుతుంది.

మూడో మెట్టు, అడిగినప్పుడు ఇచ్చినా తిరస్కరిస్తే పాస్‌వర్డ్‌లో ఆస్కీకి వెలుపలి అక్షరాలున్నాయా, కీబోర్డు తెలుగులో ఉండిపోయిందా, అతికించేటప్పుడు చివర ఖాళీ చేరిందా అని చూడాలి. తెలుగు అక్షరాలుంటే సంకేతాల సంఖ్య, బైట్ల సంఖ్య లెక్కించాలి. అనుకొన్నదానికన్న ఎక్కువ వస్తే కనిపించని గుర్తో, విడిపోయిన ఐత్వమో ఉన్నట్లే.

నాలుగో మెట్టు, షెల్ ఏమి అందిస్తున్నదో చూడాలంటే అసలు పాస్‌వర్డ్‌తో కాక, అవే గుర్తులున్న బూటకపు మాటతో తెర మీద ముద్రింపజేసి చూడాలి. అసలుదానితో చేస్తే అది షెల్ చరిత్రలో నిలిచిపోతుంది.

ఇక్కడ భద్రత ప్రశ్న కూడా ఉంది. ఒంటి కొటేషన్ అక్షరాలను కాపాడుతుంది గాని రహస్యాన్ని కాపాడదు. ఆదేశంలో రాసిన పాస్‌వర్డ్ చరిత్ర ఫైలులో మిగులుతుంది. నడుస్తున్న ప్రోగ్రాముల పట్టికలో అదే కంప్యూటరు వాడే ఇతరులకు కనిపించే వీలుంది. కళాశాల ప్రయోగశాలలో పలువురు పంచుకొనే కంప్యూటరు మీద ఇది నిజమైన ప్రమాదం. మళ్లీ మళ్లీ దింపుకోలు అవసరమైనప్పుడు నెట్ఆర్‌సీ అనే ఫైలులో పాస్‌వర్డ్ రాసి, దానిని యజమాని మాత్రమే చదవగలిగేలా అనుమతులు బిగించడం సంప్రదాయ పద్ధతి.

8. ముగింపు:

ఒక గుర్తు తనంతట తాను ప్రత్యేకం కాదు. చదివే వ్యవస్థ దానిని ప్రత్యేకం చేస్తుంది. @ గుర్తు వర్తకుడికి ధర, మల్టిక్స్‌కు కొట్టివేత, ఈమెయిల్‌కు చిరునామా, పాస్‌వర్డ్‌కు మామూలు అక్షరం. ఈ అర్థాలు ఒకదాని మీద ఒకటి పేరుకొన్న చోట వాడుకరి జ్ఞాపకాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

ప్రత్యేకాక్షరాలు తప్పనిసరి అని నియమం పెట్టే సంస్థలు, అవి తమ డౌన్‌లోడ్ మార్గంలో ఎలా చదవబడతాయో కూడా వాడుకరులకు తెలపాలి. తెలుగు విషయం భద్రపరిచే సంస్థలు తెలుగు పాస్‌వర్డ్‌ను సమీకరించి పోల్చే ప్రమాణాలను అమలుచేయాలి. అంతవరకు పలు యంత్రాల మీద పనిచేసే పరిశోధకుడు పాస్‌వర్డ్‌ను ఆస్కీ అక్షరాలతోనే, గుర్తుల సంఖ్యకన్న పొడవు మీద ఆధారపడి పెట్టుకోవడం, దానిని అడిగినప్పుడే టైపు చేయడం క్షేమం. అద్దంకి శిల మీది ఴ అక్షరం యూనికోడ్‌లో తన స్థానం కోసం 2014 దాకా వేచి ఉంది. ఆ శిలను చదవాలనుకొనే విద్యార్థి ఒక $ గుర్తు దగ్గర నిలిచిపోకుండా చూడటం అంతకన్న చాలా చిన్న పని.